మా ఆటోనగర్ బాబాయ్

ఈమధ్య నిజాయితీ మీద ఒక వ్యాసం చదివాను. నిజాయితీ ఉంటే విజయం దానంతట అదే వస్తుందని అందులో రాశారు. దానంతట అదే రాదండీ, చాలా ఆలస్యంగా వస్తుంది. అలా పైకొచ్చినవాళ్లెవరంటే కానుమోలు, కంకిపాడు వైపు వాళ్లు డాక్టర్ కె.ఎల్. రావుగారి పేరు చెబుతారు. 1902లో కంకిపాడులో పుట్టి, ఒక కంటి చూపు పోయినా ఇంజనీరై, నాగార్జునసాగర్ కట్టడంలో ముఖ్యుడై, 1962 నుంచి విజయవాడ ఎంపీగా చేశారు. అంత పెద్దాయన్ని గౌరవిస్తాను గానీ, నేను దగ్గరగా చూసింది మాత్రం బండ్ల రిపేరు షెడ్లుండే విజయవాడ ఆటోనగర్లో ఒక డీజిల్ మెకానిక్‌ని.

నాన్నకు లారీ ఉండేది. ఒకసారి బండి లాగడం లేదంటే ఇంకో షెడ్డులో డీజిల్ పంపు మొత్తం మార్చాలన్నారు. నాన్నకు టెన్షన్. బాబాయ్ (ఆ మెకానిక్‌ని అలానే పిలిచేవాణ్ణి) అరగంట చూసి, "పంపుకేం కాలేదు అన్నయ్యా, ఫిల్టర్ మార్చుకో చాలు" అన్నాడు. మార్చిన పాత సామాను కవర్లో కట్టి బిల్లుతో పాటు చేతికిచ్చేవాడు. ఇంకోసారి ఆయన బిగించిన చోటే ఆయిల్ కారింది. గన్నవరం దాకా స్కూటర్ మీద వచ్చి, "తప్పు నాదే" అని బాగుచేసి, పైసా తీసుకోలేదు.

అయినా పదిహేనేళ్లు అద్దె షెడ్డే! పక్కవాళ్లు ఈలోగా మేడలు కట్టారు. తర్వాతే లారీల వాళ్లు ఒకరికొకరు చెప్పుకుని వరస కట్టారు.

ఇప్పుడు వాళ్లబ్బాయి ఇంజిన్‌లో లోపం చూపించే స్కానర్ పెట్టి చూస్తున్నాడు. పాత సామాను కవర్లో కట్టివ్వడం మాత్రం మానలేదు.