గురువారం దాకా ఆగాలి

మా బాబాయి తెనాలిలో గుమస్తాగా రిటైరై, గ్రీన్ కార్డు మీద వచ్చి, ఇప్పుడు కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో ఓ సూపర్ మార్కెట్‌లో సామాన్లు సంచుల్లో సర్దుతున్నారు. పని కష్టమని ఏనాడూ అనలేదు. గురువారం సాయంత్రం మాత్రం కాస్త టెన్షన్, ఎందుకంటే వచ్చేవారం షిఫ్టులు ఫోన్లో కనిపించేది అప్పుడే. కిందటివారం 26 గంటలు ఇచ్చారు, ఈ వారం 14.

"మళ్లీ కోసేశారా బాబాయ్?" అంటే, "బేరాల్లేవంటున్నార్రా, జనమంతా ఆ చవక కొట్టుకే పోతున్నారట" అని నవ్వేశారు. ఆ జనంలో నేనూ ఉన్నాను, ఆదివారం పాలూ గుడ్లూ నూనె డబ్బాలూ తెచ్చేది అక్కణ్ణుంచే.

కానీ ఈ మాట ఇక్కడ కొత్తది కాదు. 2003 అక్టోబరు నుంచి దక్షిణ కాలిఫోర్నియాలో వాన్స్, రాల్ఫ్స్, ఆల్బర్ట్‌సన్స్ అనే సూపర్ మార్కెట్ కంపెనీల ఉద్యోగులు దాదాపు 60 వేల మంది నాలుగున్నర నెలలు పని లేకుండా ఉన్నారు. వాన్స్ వాళ్లు సమ్మె చేస్తే మిగతా రెండు కంపెనీలు లాకౌట్ పెట్టాయి. వాల్‌మార్ట్ కాలిఫోర్నియాలో 40 సూపర్ సెంటర్లు, అంటే కిరాణా కూడా అమ్మే పెద్ద కొట్లు, పెట్టబోతోంది, దాని పోటీకి మేం తట్టుకోవాలంటే ఇన్సూరెన్స్ ఖర్చులో మీరూ కొంత భరించాలి, కొత్తగా చేరేవాళ్లకు జీతం తక్కువే ఇస్తాం అన్నది కంపెనీల వాదన. చివరికి కొత్తవాళ్లకో స్కేలు, పాతవాళ్లకో స్కేలు అని ఒప్పందం కుదిరింది. తమాషా ఏంటంటే, అప్పటికి రాష్ట్రంలో ఒక్క సూపర్ సెంటర్ కూడా లేదు! మొదటిది లా క్వింటాలో తెరిచింది 2004 మార్చిలో, అంటే సమ్మె ముగిశాక. ఆ రెండు స్కేళ్ల పద్ధతి 2007 ఒప్పందంలో పోయింది, కానీ ఈలోపు చేరినవాళ్లు, పక్కనే నిలబడి అదే పని చేస్తూ తక్కువ తీసుకున్నవాళ్లు, పోగొట్టుకున్నది పోగొట్టుకున్నారు.

పోటీ అబద్ధమని నేననను. చవగ్గా అమ్మేవాడు పక్కన ఉంటే లాభం తగ్గుతుంది, కొట్టు నడపాలిగా. కానీ కాస్ట్‌కో కూడా చవగ్గానే అమ్ముతోంది, జీతాలూ బాగానే ఇస్తోంది. పోనీ జీతం సంగతి వదిలేద్దాం, షిఫ్టు నాలుగు రోజుల ముందు చెప్పడానికీ పోటీకీ ఏమిటి సంబంధం? లాస్ ఏంజెలెస్ నగరంలో 2023 ఏప్రిల్ నుంచి పెద్ద రిటైల్ కంపెనీలు షిఫ్టుల పట్టీ 14 రోజుల ముందే ఇచ్చి తీరాలి. ఆ నగరంలో సూపర్ మార్కెట్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. అదే చట్టం మా బాబాయికి వర్తించదు, ఆయన కొట్టు ఉన్నది కౌంటీ గీతకి ఇవతల, ఆరెంజ్ కౌంటీలో.

మన తెలుగు సంఘంలో వీసాల గురించి ఎన్ని మీటింగులు పెట్టాం! పెద్దవాళ్లు ఎంతమంది ఇలాంటి కొట్లలో గంటల లెక్కన పనిచేస్తున్నారో ఒక్కసారైనా అడిగామా? ఇక్కడా అలాంటి చట్టం కావాలని సిటీ కౌన్సిల్ మీటింగుకి పదిమంది పెద్దవాళ్లని వెంటబెట్టుకెళ్తే, మాట్లాడటానికి మైకు ఇస్తారు, నేను ఒకసారి వెళ్లి చూశాను.

మొన్న ఫోన్ చేసి, ఉగాది ఫంక్షన్‌కి వస్తున్నారా బాబాయ్ అని అడిగాను. "ఏమోరా," అన్నారు, "గురువారం చెప్తా."