సవరణ: సింధియా పెద్దాయన నివాళిలో రెండు వివరాలు

ఈమధ్య విశాఖలోని మన సింధియా ప్రాంతంలో కన్నుమూసిన షిప్‌యార్డ్ పెద్దల గురించి పెట్టిన నివాళిలో ఒకాయన్ని "1951లో హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో వెల్డర్‌గా చేరారు" అని రాశాం. సంవత్సరం సరైనదే. యార్డు పేరు, పని రెండూ తప్పు, అడగకుండా వేసేశాం. ఇంట్లోవాళ్లు ఆయన ఉద్యోగపు కాగితాలు చూపించారు.

ఆయన చేరినది సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ యార్డులో. 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' నౌక నీళ్లలోకి దిగింది అక్కడి నుంచే. ఆ యార్డు హిందుస్థాన్ షిప్‌యార్డ్‌గా మారింది 1952లో, పూర్తిగా ప్రభుత్వపరమైంది 1961లో.

ఇక పని. ఆయన చేసింది రివెటింగ్. వెల్డింగులో పలకల అంచులు కరిగించి కలుపుతారు. రివెటింగులో ముందు రెండు పలకల చిల్లులు సరిగ్గా ఒకదానిమీద ఒకటి కూర్చోవాలి. కొలిమిలో ఎర్రగా కాల్చిన రివెట్టును, అంటే తల ఉన్న లావుపాటి మేకును, దూర్చాక, ఒకరు వెనక నుంచి బరువైన ఇనుముతో అదిమిపడతారు, ఇంకొకరు ఇవతలి నుంచి కొట్టి ఈ కొసకూ తల వచ్చేలా చేస్తారు. చల్లారుతూ ముడుచుకునే రివెట్టే పలకలను బిగిస్తుంది. అందించడం ఆలస్యమై ఎరుపు తగ్గితే తల సరిగా రాదు, అక్కడ నీరు ఊరుతుంది, తీసేసి మళ్లీ కొట్టాల్సిందే.

ఆయన వెనక అదిమిపట్టే మనిషి. ఇనుప గోడకు అవతల, ఆ మోత మధ్యే రోజంతా. రివెటింగ్ చేసినవాళ్లలో చెవుడు అందుకే అంత ఎక్కువ. కాబట్టి "వయసుతో వినికిడి తగ్గింది" అన్న మా వాక్యాన్నీ తీసేశాం.

పెద్దకర్మ కార్డులు అచ్చుకు ఇచ్చేవారు ఈ వివరాలే వేయించండి.