కొత్తవారూ, క్లుప్తంగా!

శ్రీకాకుళంలో నాగావళికి ఏ ఒడ్డున వెతికినా "మా దగ్గర ఎవరైనా మాట్లాడవచ్చు, ఆత్మ నడిపింపే ముఖ్యం" అని చెప్పుకునే కూడిక ఒకటి దొరుకుతుంది. పాస్టరు ఒక్కరే చెప్పడం, మిగతావాళ్లు ఆవలించడం అక్కడ కుదరదట. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయం చూపిస్తారు. కూడి వచ్చినప్పుడు ఒకరు కీర్తన తెస్తారు, ఒకరు బోధ తెస్తారు. పద్ధతి గొప్పదే. కాకపోతే ఆత్మ ప్రతి ఆదివారం ఆ నలుగురు పెద్దలనే, అదే వరుసలో నడిపిస్తుంది. మొదట రిటైర్డ్ హెడ్మాస్టరు గారు, ఆఖరున బీమా ఏజెంటు అన్నయ్య. మధ్యలో ఇద్దరు ఎవరన్నది ఊరంతటికీ తెలుసు.

అదే అధ్యాయంలో, కూర్చున్న మరొకరికి ఏదైనా బయలుపడితే మాట్లాడుతున్నవాడు ఆపాలని కూడా ఉంది. పెద్దల బైబిళ్లలో ఆ వచనం అచ్చు పడలేదేమో.

కొత్తవారికి మాత్రం ఘనస్వాగతం. లేచి నిలబడాలి. పేరు, ఊరు, ఎవరి ద్వారా వచ్చారు? రైలు రిజర్వేషన్ ఫారంలో ఇంతకంటే ఎక్కువ గళ్లుంటాయి. మైకు చేతికివ్వరు. ఒక కుర్రాడు దాన్ని నోటి దగ్గర పట్టుకుంటాడు, బొటనవేలు స్విచ్ మీదే ఉంటుంది. చప్పట్లు, స్తోత్రం, కూర్చోండి.

పౌలు కూడా ఒకప్పుడు కొత్తవాడే. పిసిదియ అంతియొకయ సమాజమందిరంలో లేఖనాలు చదవడం అయ్యాక, అధికారులే కబురుపెట్టి, చెప్పాల్సిన మాట ఉంటే చెప్పమన్నారు. అక్కడ మన పెద్దలు ఉంటే? "పేరు?" పౌలు. "ఊరు?" తార్సు. "ఎవరి ద్వారా?" బర్నబా ద్వారా. "వందనాలు బ్రదర్, కూర్చోండి." అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయం సగం కాగితం మిగిలేది.

విశాఖ నుంచి కారులో వచ్చిన బ్యాంకు మేనేజరుకి ఈ రూలు వర్తించదు. ఆయనకి మైకూ ఇచ్చారు, మంచినీళ్లూ ఇచ్చారు. తన ప్రమోషన్‌ని ఐగుప్తులో యోసేపు ప్రమోషన్‌తో ముడిపెట్టి ఆయన తీరిగ్గా చెబుతుంటే పెద్దలు నోట్స్ రాసుకున్నారు. బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి నేల అని యాకోబు పత్రిక రెండో అధ్యాయం తిడుతుంది కదా, ఆ భాగం మీద హెడ్మాస్టరు గారి ప్రసంగం చాలా బాగుంటుంది.

అదే రోజు పలాస వైపు నుంచి ఒకామె వచ్చింది. జీడిపిక్కలు కొట్టి కొట్టి వేళ్లు నల్లబడ్డాయి. వాళ్లది ఉద్దానం. ఈ జిల్లాలో ఆ మాట అన్నాక జబ్బు పేరు అడగక్కర్లేదు.

"మా ఆయనకి డయాలసిస్ బావూ. మొన్న రేతిరి..."

"అమ్మా, క్లుప్తంగా."

"అలాగే బావూ. మొన్న రేతిరి ఊపిరాడక..."

"సాక్ష్యమంటే ప్రభువు చేసిన మేలు చెప్పాలమ్మా. ముందు మేలు చెప్పండి."

మేలు ఇంకా జరగలేదు. జరుగుతుందేమోనని వచ్చింది. ఏం చెప్పాలో తెలియక అలాగే నిలబడింది. స్విచ్ టక్కుమంది. సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలని వెనక నుంచి ఎవరో గుర్తు చేశారు. ఆ మాట ఉన్న కొరింథీయుల మొదటి పత్రికలోనే, ప్రార్థించే స్త్రీ, ప్రవచించే స్త్రీ తల కప్పుకోవాలని 11వ అధ్యాయంలో ఉంది. ఆమె తల మీద ముసుగు కూడా ఉంది.

ఏటయ్యా క్లుప్తం? డయాలసిస్ ఒక్కసారికి దాదాపు నాలుగు గంటలు పడుతుంది. వారానికి రెండు మూడుసార్లు ఆ మంచం పక్కన నోరు మూసుకుని కూర్చున్న మనిషి, ఇక్కడైనా వింటారని నోరు తెరిస్తే మీకు టైం అయిపోయిందా? మీ అబ్బాయి హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్న సాక్ష్యానికి గడియారం ఎవరైనా చూశారా? సిగ్గుండాలి.

ఆమె మళ్లీ రాలేదు. కొత్తవారు ఎందుకు నిలవడం లేదో తేల్చడానికి పెద్దలు ఒక కమిటీ వేశారు, అందులో ఆ నలుగురే. మైకు పట్టుకునే కుర్రాడు ఆమెను పిలిచి అడుగుదామన్నాడట. ఎజెండాలో లేదన్నారు.