నెత్తి ఒకటి, టోపీలు నలభై మూడు

దేవుడు మనిషికి ఒక్క తలే ఇచ్చాడన్న సంగతి నాకు తెలియక కాదు. డాలస్‌కు ఉత్తరాన ఉన్న మా ఇంట్లో, కారు ఎన్నడూ ప్రవేశించని గ్యారేజీ గోడకు నలభై మూడు ఫెల్ట్ టోపీలు, అంటే నేయకుండా పోగుల్ని ఒత్తి చేసిన గుడ్డ టోపీలు, వేలాడుతున్నాయన్నదీ, వాటిలో ఏ ఒక్కటీ ఐదు డాలర్లు దాటినది కాదన్నదీ, మొత్తం ఖర్చు 112 డాలర్లన్నదీ నేను దాచిపెట్టిన విషయాలేమీ కావు. అయినా కొంతకాలంగా ఇంట్లోనూ, మిత్రబృందంలోనూ ఈ వ్యాసంగం మీద సాగుతున్న గుసగుసలకు ఇప్పటికైనా జవాబు చెప్పకపోతే, ఒక ఉదాత్తమైన కృషి పిచ్చి అనే చిన్న మాట కింద నలిగిపోతుందన్న భయంతో ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ముందుగా ఆర్థిక విషయం. టోపీ పెట్టడమంటే ఏమిటో తెలియని తెలుగువాడు లేడు. నా మిత్రులలో ఒకరికి చీటీలు నడిపినాయన పెట్టాడు. మరొకరికి ఇంకా పునాది కూడా తవ్వని అపార్టుమెంటులో పదిహేడో అంతస్తు అమ్మినాయన పెట్టాడు. మూడో ఆయన కంటికి కనబడని నాణేలు కొని, టోపీ ఎవరు పెట్టారో కూడా తెలియని స్థితిలో ఉన్నాడు. వీళ్ళు ముగ్గురూ మా ఇంటికి కాఫీకి వచ్చినప్పుడల్లా నా గోడ వంక చూసి నవ్వుతారు. వారిని నేను వినయంగా అడిగేది ఒక్కటే: మీకు పెట్టిన టోపీ ఏదీ, ఒక్కసారి తెచ్చి చూపించండి. లక్షలు పోసినవారి చేతిలో టోపీ లేదు. డాలరు పాతిక సెంట్లు కట్టి, అద్దం ముందు నిలబడి, నా చేత్తో నేనే పెట్టుకుని, రసీదుతో సహా ఇంటికి తెచ్చుకున్నవాణ్ణి నేను.

ఇది తోచినప్పుడు వెళ్ళి కొనుక్కొచ్చే వ్యవహారం అనుకుంటే పొరపాటు. దీనికొక పంచాంగం ఉంది. అక్టోబరు 31 రాత్రి వేషాల పండుగ హాలోవీన్ ముగుస్తుంది; మర్నాడు నవంబరు 1, ఇక్కడి తెలుగువారు ఆంధ్రప్రదేశ్ అవతరణ దినోత్సవ శుభాకాంక్షలు పంపుకుంటున్న వేళకు, చవక దుకాణాలలో మంత్రగత్తెల మొనటోపీలు, కౌబాయ్ టోపీలు, గూఢచారుల టోపీలు సగం ధరకు దిగుతాయి. డిసెంబరు 26న శాంటా తాత ఎర్ర టోపీలు, ఐరిష్‌వారి సెయింట్ పాట్రిక్ పండుగ మర్నాడు, మార్చి 18న, ఆకుపచ్చ టోపీలు. ధర దిగిన మొదటి రోజే కొనేవాడు ఔత్సాహికుడు. మూడో కోత దాకా ఆగేవాడే సాధకుడు. అయితే ఆలోగా సరుకు అయిపోతుందేమోనన్న ఆందోళనను నిగ్రహించుకోవడానికి కొన్నేళ్ళ అభ్యాసం కావాలి. డాలర్ ట్రీ దుకాణాలు 2021 చివరలో డాలరు సరుకును డాలరు పాతిక సెంట్లు చేసినప్పుడు దేశమంతా ద్రవ్యోల్బణం గురించి మాట్లాడుకుంది. నేను మాత్రం వంద డాలర్లకు వంద రావలసిన చోట ఎనభై టోపీలే వస్తాయని లెక్కగట్టుకుని ఆ రాత్రి భోజనం మానేశాను.

నా సేకరణలో పన్నెండో టోపీని ఒకసారి తిరగేసి చూపించాలి. మట్టి రంగు, ఒక పక్కకు ఒరిగిన అంచు, లోపల తలను చుట్టే పట్టీ స్థానంలో బొంతకుట్టు వేసిన నల్ల నాడా. ఆ నాడా మీద ఒకదానిపై ఒకటిగా మూడు ధర చీటీలున్నాయి. అన్నిటికన్నా అడుగున తెల్లది, 9.99, దాని మీద పసుపుపచ్చది, 4.99, పైన ఎర్రది, కొంచెం వంకరగా, విసుగెత్తిన చేత్తో అంటించినట్టు, 1.25. గోటితో మూల లేపి చూస్తే ఆ వస్తువు మీద ప్రపంచానికి నమ్మకం ఎలా పొరలు పొరలుగా సడలిందో కనిపిస్తుంది. మా ఆవిడ ఒకసారి, "ఏమండీ, పెట్టుకుంటే పెట్టుకున్నారు, ఆ చీటీలైనా పీకెయ్యకూడదూ?" అన్నది. తాళపత్రాల మీద దుమ్ము ఉంది కదా అని నీళ్ళు పోసి కడుగుతామా?

పైగా ఆ చీటీలకు రాజముద్రల వంశం ఉంది. ఇంగ్లండులో 1784 నుంచి 1811 దాకా మగవారి టోపీల మీద పన్ను ఉండేది. నాలుగు షిల్లింగుల లోపు టోపీకి మూడు పెన్నీలు, పన్నెండు షిల్లింగులు దాటినదానికి రెండు షిల్లింగులు. కట్టినట్టు నిదర్శనంగా టోపీ లోపలి అస్తరుకు ముద్రకాగితం అంటించాలి. ఆ ముద్రను దొంగతనంగా అచ్చు వేసినవాడికి మరణదండన. షిల్లింగుకు పన్నెండు పెన్నీలు గనుక, నాలుగు షిల్లింగుల టోపీ మీద మూడు పెన్నీలంటే ఆరుంబావు శాతం. నేను మా ఊళ్ళో నా టోపీ మీద కడుతున్న అమ్మకపు పన్ను ఎనిమిదింబావు శాతం. అంటే పేదవాడి నెత్తి విషయంలో మూడో జార్జి ప్రభుత్వం నేటి టెక్సాస్ కన్నా కాస్త దయగలదే.

గత వేసవిలో మా అమ్మ మంగళగిరి నుంచి వచ్చింది. ఆవిడ పుట్టింట్లో గుంటమగ్గం ఉండేది. గుడ్డ ఏదైనా సరే రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూడకుండా ఒక మాట అనదు. గ్యారేజీలోకి వచ్చి, పన్నెండో టోపీ అంచును చాలాసేపు నలిపి, వెలుతురుకు ఎత్తిపట్టి, "ఇందులో పడుగేదిరా? పేకేది?" అని అడిగింది. ఫెల్ట్‌కు పడుగూ పేకా ఉండవనీ, ఉన్ని పోగు మీద కంటికి కనబడని పొలుసులుంటాయనీ, వేడి నీళ్ళతో తడిపి నలిపితే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఇక ఎన్నటికీ విడిపోవనీ చెప్పాను. "మన పెదనాన్నల ఆస్తి తగవులాగా అన్నమాట," అన్నది. ఇరవయ్యేళ్ళుగా ఈ విషయం చదువుతున్నాను, ఇంతకన్నా స్పష్టమైన నిర్వచనం నాకు తారసపడలేదు. అయితే నేను కొనే టోపీల్లో చాలావాటికి ఉన్ని యోగం కూడా లేదు. అవి పాలియెస్టరు. పాలియెస్టరుకు పొలుసులుండవు కనుక ముళ్ళ సూదులతో వేల పోట్లు పొడిచి పోగుల్ని ఒకదానిలోకి ఒకటి దూరుస్తారు. నీళ్ళ సీసా ఏ పదార్థంతో తయారవుతుందో ఇదీ దానితోనే తయారవుతుంది. దాహం తీరాక సీసాను పారేస్తాము, టోపీని గోడకు తగిలిస్తాము, తేడా అంతే.

ఖరీదైన టోపీల పట్ల గౌరవం ఉన్నవారు ఇక్కడ కొంచెం కూర్చోవాలి. మేలైన ఫెల్ట్ అంటే బీవరు అనే నీటిజంతువు బొచ్చు. ఆ బొచ్చు కోసం 1670లో హడ్సన్ బే కంపెనీ పుట్టింది, ఉత్తర అమెరికా ఖండం మీద ఆ జంతువు దాదాపు కరవైపోయింది. కుందేలు బొచ్చును ఫెల్ట్‌గా ఒత్తడానికి పాదరసపు ద్రావణం పూసేవారు; దాని ఆవిరి పీల్చిన పనివారికి చేతులు వణికేవి, మతి చెదిరేది. కనెక్టికట్‌లోని డాన్‌బరీ టోపీల ఊరు గనుక ఆ వణుకుకు ఊరి పేరే పెట్టారు. అమెరికాలో ఆ పద్ధతి ఆగింది 1941లో. నా టోపీల జోలికి బీవరూ రాలేదు, కుందేలూ రాలేదు, పాదరసమూ రాలేదు. కార్తీకమాసంలో నీచు ముట్టని మా అమ్మ నిశ్చింతగా పెట్టుకోదగిన టోపీ వీధిలో ఇదొక్కటే. పెట్టుకోమని రెండుసార్లు అడిగాను, నా వైపు చూసిన చూపును బట్టి మూడోసారి అడగలేదు.

"చైనాలో చేసిన కౌబాయ్ టోపీ ఏం కౌబాయ్ టోపీ?" అని ఎత్తిపొడిచేవారు ఇంకొందరు. అసలు టెక్సాస్ గొప్పగా చెప్పుకునే ఆ టోపీకి మూలపురుషుడైన జాన్ స్టెట్సన్ న్యూజెర్సీలో పుట్టాడు. 1865లో కార్ఖానా పెట్టినది ఫిలడెల్ఫియాలో, గోవుల మందలకు ఎంతో దూరాన. అంతదాకా ఎందుకు, మన హైదరాబాదు సంస్థానంలో షేర్వాణీ మీదికి పెట్టుకున్న రూమీ టోపీ కూడా ఫెల్టే, పైన వేలాడే కుచ్చుతో సహా. తుర్కులకు ప్రాణప్రదమైన ఆ టోపీల్లో ఎన్నో బొహీమియాలోని, అంటే నేటి చెక్ దేశంలోని, స్ట్రకోనీత్సె అనే ఊళ్ళో తయారై వచ్చినవే. చివరికి 1925లో తుర్కియే ఆ టోపీని చట్టం చేసి నిషేధిస్తే, ఏడో నిజాం మాత్రం ప్రపంచంలో కెల్లా ధనవంతుడనిపించుకుంటూ కూడా మాసిపోయిన పాత రూమీ టోపీతోనే కాలం గడిపాడని హైదరాబాదులో నేటికీ చెప్పుకుంటారు. పాత టోపీతో ఆయన పొదుపరి అయ్యాడు, చవక టోపీలతో నేను పిచ్చివాణ్ణి అయ్యాను. సంస్థానం లేకపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

ఆచారకాండ కూడా తక్కువది కాదు. సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే నుంచి ఫెల్ట్, ఎండలు ముదిరాక గడ్డి టోపీ అన్నది ఇక్కడి పెద్దల నియమం. మడి, మైల అనే మాటలు వింటే పెదవి విరిచేవారు 1922 సెప్టెంబరును గుర్తు చేసుకోవాలి: గడ్డి టోపీకి గడువు దాటుతున్నదన్న వంకతో న్యూయార్కు వీధుల్లో కుర్రమూకలు దారిన పోయేవారి నెత్తిన ఉన్నవి లాక్కుని తొక్కి, కొన్ని రోజులపాటు అల్లర్లు చేశాయి. టోపీని అంచు మీద పెట్టకూడదు, బోర్లించినట్టు కాక తిరగేసి పెట్టాలి. మంచం మీద పెడితే అరిష్టం. ఈ చివరి నియమం చెప్పినప్పుడు మా అమ్మ మొదటిసారిగా అమెరికావారిని మెచ్చుకున్నది.

నిజాయితీ కోసం ఒక అపజయాన్ని కూడా నమోదు చేస్తాను. ముప్పై ఒకటో టోపీ నల్లనిది, ఉన్ని కలిసినది, నాలుగు డాలర్ల యాభై సెంట్లు పెట్టి గర్వంగా కొన్నది. దాన్ని పెట్టుకుని స్నేహితుడి గృహప్రవేశానికి బయల్దేరాను. కారు దిగి వారి గుమ్మం చేరేలోగా వాన పట్టుకుంది. మన ఊళ్ళలో గొర్రెల కాపరి గొంగడి మడిచి నెత్తిన వేసుకుంటే ఎంత వానైనా లోపలికి దిగదు. నా టోపీ మాత్రం వానను లోపలికి రానిచ్చి, రంగును బయటికి పంపింది. రెండు కణతల మీదుగా, చెవుల ముందు నుంచి, తెల్ల లాల్చీ మెడపట్టీ దాకా రెండు నల్లటి చారలు. పురోహితుడు గారు మంత్రం ఆపకుండానే హారతి పళ్ళెం నన్ను దాటించి పక్కవారికి చూపించారు. "పోనీలేరా, దిష్టిచుక్క కొంచెం పెద్దదైంది," అన్నది అమ్మ. మర్నాటికి ఆ టోపీ ఆరి, కుంచించుకుని, మా ఆరేళ్ళ పాపకు సరిగ్గా సరిపోయింది. ఆ పిల్ల దాన్ని బొమ్మ కోతికి పెట్టింది.

అమ్మ తిరుగు ప్రయాణం నాడు పెట్టెలు తూకం వేశాము. ఒక్కొక్కటి ఇరవై మూడు కిలోల లోపు ఉండాలి. బాదం పప్పు, విటమిన్ మాత్రలు, చాక్లెట్లు సర్దగా రెండో పెట్టెలో అరకిలో చోటు మిగిలింది. ఆవిడ గ్యారేజీలోకి వెళ్ళి, గోడంతా ఒకసారి పరికించి, పన్నెండో టోపీని తీసుకొచ్చి చీరల మధ్య పెట్టింది. నా కళ్ళు చెమర్చాయి. ఎందుకో అడగలేదు, ఒక వంశంలో విద్య ఇలాగే వెనక్కి కూడా ప్రవహిస్తుందేమో అనుకున్నాను.

పది రోజులకు తమ్ముడు ఫొటో పంపాడు. మంగళగిరిలో వాడు కట్టిస్తున్న ఇల్లు, ఇంకా సున్నం పడని రెండో అంతస్తు, పిట్టగోడ మీద వెదురు కర్రకు కట్టిన దిష్టిబొమ్మ, దాని కుండ తల మీద ఒక పక్కకు ఒరిగిన మట్టి రంగు కౌబాయ్ టోపీ. "ఎదురింటివాళ్ళు ఎక్కడ కొన్నారని అడుగుతున్నారన్నయ్యా," అని కింద రాశాడు. ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూశాను. చీటీలు ఉన్నదీ లేనిదీ కనబడలేదు. తమ్ముడికి ఫోన్ చేసి, నిచ్చెన వేసుకుని ఎక్కి, లోపలి నాడా మీద మూడూ ఉన్నాయో లేదో చూసి చెప్పమన్నాను.