గడువుంది సరే, అప్పీలేదీ?

చార్టర్డ్ అకౌంటెన్సీ కోర్సులో 2023 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త విధానంపై చర్చంతా ఆర్టికల్‌షిప్ (ఆడిటర్ దగ్గర చేసే శిక్షణ) చుట్టూనే తిరిగింది. మూడేళ్లను రెండేళ్లకు కుదించడం మేలా, కీడా అని ఆడిటర్లు వాదించుకున్నారు. కోర్సు రెండో దశ ఇంటర్, చివరి దశ ఫైనల్‌లలో ఎనిమిదేసి పేపర్లు ఆరేసి అయ్యాయని విద్యార్థులు ఊపిరి పీల్చుకున్నారు. ఆ సందడిలో మరో మార్పు దాదాపు ఎవరి కంటా పడలేదు. తొలి దశ ఫౌండేషన్ రిజిస్ట్రేషన్ నాలుగేళ్లే చెల్లుతుంది, ఆపైన పొడిగించరు. ఇంటర్ రిజిస్ట్రేషన్ ఐదేళ్లు, పొడిగింపు ఒక్కసారే. ఫీజు కడుతూ ఉంటే ఎన్నాళ్లైనా కొనసాగవచ్చన్న భరోసా ఇంటర్ దశ వరకు పోయింది.

గడువు పెట్టడాన్ని మేం తప్పుపట్టడం లేదు. ఎంఈసీ ముగించి గుంటూరులోనో, విజయవాడలోనో, హైదరాబాద్‌లోనో కోచింగ్‌లో చేరిన కుర్రాడు ముప్ఫయ్యేళ్లు దగ్గరపడుతున్నా ‘ఈసారి గ్రూప్ కొట్టేస్తా’ అంటూ హాస్టల్ గదిలోనే మిగిలిపోవడం ఎవరికీ మంచిది కాదు. సీఏ ఇంటర్‌కు ఏటా మూడుసార్లు పరీక్షలు పెడుతున్నారు. తప్పనిసరి అధ్యయన కాలం ఎనిమిది నెలలు తీసేసినా ఐదేళ్లలో పదమూడు అవకాశాలు దక్కుతాయి. కెనడాలో మన సీఏ లాంటి సీపీఏ కోర్సు ఇంతకంటే చాలా కటువు. అక్కడ ఒక్కో మాడ్యూల్ పరీక్షకు మూడు ప్రయత్నాలే, ఆఖరి ఉమ్మడి పరీక్షకూ మూడే. అందరికీ తప్పనిసరైన కోర్ మాడ్యూల్‌లో మూడోసారీ తప్పితే కోర్సు నుంచి తప్పుకోవాల్సిందే. ఇక్కడి నుంచి వెళ్లి ఆ కోర్సులో చేరే తెలుగువారు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

గీత ఎక్కడ గీశారన్నది మా అభ్యంతరం కాదు. గీత అవతలికి నెట్టే ముందు, దిద్దింది సరిగ్గానే దిద్దామని విద్యార్థికి నమ్మకం కలిగించే ఏర్పాటు ఉందా? మన సీఏ సంస్థలో లేదు.

ఫలితాలు వచ్చాక 30 రోజుల్లో విద్యార్థి చేయగలిగినవి రెండే. పేపరుకు రూ.100 కట్టి మార్కుల వెరిఫికేషన్ కోరవచ్చు. పేపరుకు రూ.500 కట్టి, దిద్దిన జవాబుపత్రం ధ్రువీకృత ప్రతి తెప్పించుకోవచ్చు. వెరిఫికేషన్‌లో చూసేది రాసిన ప్రతి జవాబుకూ మార్కు పడిందా, కూడిక సరిపోయిందా అన్నంతవరకే. చార్టర్డ్ అకౌంటెంట్స్ రెగ్యులేషన్స్-1988లోని 39(4) నిబంధన ఈ సంగతి నిక్కచ్చిగా చెప్పింది. తీసుకునే ఫీజు జవాబులు దిద్దారో లేదో చూడటానికే తప్ప తిరిగి దిద్దడానికి కాదు. ప్రశ్నలవారీ మార్కులు చెప్పకూడదనీ అదే నిబంధనలో ఉంది. సమాచార హక్కు చట్టం కింద అభ్యర్థి తన జవాబుపత్రం చూసుకోవచ్చని 2011 ఆగస్టులో సీబీఎస్‌ఈ కేసులో సుప్రీంకోర్టు తేల్చాక ఆ రెండో మాటకు విలువ లేకుండా పోయింది. ఇప్పుడు 14 మార్కుల ప్రశ్నకు 5 వేశారని విద్యార్థి కళ్లారా చూడగలడు. ఎందుకు 5 వేశారని అడిగే చోటు మాత్రం లేదు.

వెరిఫికేషన్‌కు చిక్కే పొరపాట్లు వేరు, చిక్కనివి వేరు. జవాబు సగం ఒకచోట, మిగతా సగం బుక్‌లెట్ చివర్లో రాస్తే రెండో భాగం దిద్దకుండా మిగిలిపోవచ్చు. ప్రశ్న నంబరు వేయడం మరిచిన జవాబుకూ అదే గతి పట్టవచ్చు. ఇవి వెరిఫికేషన్‌లో బయటపడతాయి, అలా బయటపడితే కట్టిన ఫీజు వెనక్కి ఇవ్వాలని కూడా నిబంధన చెబుతోంది. చిక్కంతా రెండో రకంతోనే. అకౌంట్స్ లెక్కలో మొదటి అంకె తప్పితే ఆ ఒక్క మెట్టు దగ్గరే మార్కు కోయాలి, ఆ అంకెతోనే సరైన పద్ధతిలో చేసిన తర్వాతి మెట్లకు మార్కులు వేయాలి. చివరి జవాబు చూసి మొత్తం సున్నా చుట్టేస్తే? ట్యాక్స్ పేపర్లో విద్యార్థి తన ఊహను స్పష్టంగా రాసి, దాని ప్రకారం లెక్క కట్టినా పట్టించుకోకపోతే? ఆడిట్‌లో సెక్షన్ నంబరు రాయకపోయినా నిబంధన సరిగ్గా చెప్పినవాడికి ఒకరు 4 వేసి, మరొకరు 1 వేస్తే? 30 మార్కుల బహుళైచ్ఛిక ప్రశ్నల్లో ఈ గొడవ లేదు. మిగతా 70 మార్కుల్లోనే ఉంది. పాస్‌కు పేపర్లో 40 కావాలి గనుక ఒక పేపర్లో 39 వస్తే, మూడు పేపర్ల గ్రూప్‌లో 300కు 200 తెచ్చుకున్నా ఆ గ్రూప్ పోయినట్టే. ఒక్క మార్కు బరువు అంత.

ఇలా చిక్కుకున్న విద్యార్థులకు ఆచరణలో ఒక మాట. వెరిఫికేషన్‌కూ, ధ్రువీకృత ప్రతికీ ఒకేసారి దరఖాస్తు చేయండి. ప్రతి చేతికొచ్చాక చూద్దామని ఆగితే నెల గడువు దాటిపోవచ్చు. ప్రతి అందగానే పేజీలు, అదనపు షీట్లు అన్నీ స్కాన్ అయ్యాయో లేదో ముందు లెక్కపెట్టండి, సంస్థ విడుదల చేసే సూచిత జవాబులతో పోల్చడం ఆ తర్వాత. మే పరీక్షల ఫలితాలు జులైలో వస్తే సెప్టెంబరు పరీక్షకు దరఖాస్తులూ దాదాపు అప్పుడే మొదలవుతాయి. వెరిఫికేషన్ సంగతి తేలేదాకా కూర్చోకుండా ఆ ఫీజూ కట్టేయక తప్పదు.

తిరిగి దిద్దడానికి ఒప్పుకుంటే ఫలితాలకు అంతమే ఉండదని, ఇద్దరు పరీక్షకులు ఒకే జవాబుకు ఒకే మార్కు వేయరని వాదన ఉంది. కొట్టిపారేయదగ్గ వాదన కాదిది. రీవాల్యుయేషన్ వద్దన్న మహారాష్ట్ర బోర్డు నిబంధనను 1984లో సుప్రీంకోర్టు సమర్థించింది కూడా. అయితే సీఏ రెగ్యులేషన్స్‌లోనే 39(2) అని మరో నిబంధన ఉంది. ప్రమాణాలు కాపాడటానికి అవసరమనుకుంటే అందరి మార్కులనో, ఒక వర్గం మార్కులనో సంస్థ పాలక మండలి అయిన కౌన్సిల్ తన విచక్షణతో సవరించవచ్చని అది చెబుతోంది. అంటే దిద్దిన మార్కు కదలనిదేమీ కాదు. సంస్థ అనుకుంటే కదులుతుంది, విద్యార్థి అడిగితే కదలదు. తెలుగు రాష్ట్రాలకు ఇలాంటి ధీమా ఏమిచ్చిందో గుర్తుంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో 99 రావాల్సిన చోట 00 పడింది. పిల్లల ప్రాణాలు పోయాకే ఫెయిలైన వారందరి పత్రాలూ ఉచితంగా పునఃపరిశీలించమని ప్రభుత్వం ఆదేశించింది. వెయ్యి మందికి పైగా పాసయ్యారు. జేఎన్‌టీయూల్లో రీవాల్యుయేషనే కాదు, మార్కును సవాలు చేసి మళ్లీ దిద్దించుకునే ఛాలెంజ్ వాల్యుయేషన్ కూడా ఉంది. వాటి ఫలితాలేమీ అంతులేకుండా సాగడం లేదు.

అందరి పత్రాలూ మళ్లీ దిద్దమని అడగనక్కర్లేదు. పేపర్లో 35 నుంచి 39 మధ్య ఆగినవారికి, గ్రూప్ మొత్తంలో పది మార్కుల లోపు తగ్గినవారికి రెండో పరీక్షకుడితో దిద్దించే అవకాశం ఇస్తే చాలు. పత్రాలు స్కాన్ చేసి తెరపైనే దిద్దుతున్న రోజుల్లో మొదటి మార్కులు కనబడకుండా రెండో వారికి పంపడం కష్టమేమీ కాదు. మార్కు తగ్గినా ఒప్పుకోవాలన్న షరతు పెడితే సరదాకు దరఖాస్తు చేసేవారు తగ్గుతారు. మార్కు మారితే ఫీజు తిరిగివ్వాలి. పరీక్ష ముగిశాక మెట్టుకెన్ని మార్కులో తెలిపే పట్టికను సూచిత జవాబులతో పాటే బయటపెట్టాలి. పరీక్షకులకిచ్చే సూచనలను వెల్లడించనక్కర్లేదని 2011 సెప్టెంబరులో సీఏ సంస్థ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. అది ఇవ్వకపోవడానికి అనుమతే గానీ ఇవ్వకూడదన్న ఆజ్ఞ కాదు.

రిజిస్ట్రేషన్ గడువు ఆఖరి ఏడాదిలో ఉన్నవారి సంగతి విడిగా చూడాలి. వెరిఫికేషన్ తేలకుండా ఉన్న రోజులను ఆ గడువులోంచి మినహాయించాలి. తీవ్ర అనారోగ్యం, ప్రసూతి, కుటుంబంలో మరణం వంటి కారణాలతో పరీక్ష రాయలేకపోయినవారు ఆస్పత్రి పత్రాలు చూపి, పరీక్షా విభాగంతో సంబంధం లేని ముగ్గురి ప్యానెల్ ముందు పొడిగింపు అడగగలగాలి. ఆ ప్యానెల్ కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి.

39(4) మార్చాలని 2019 సెప్టెంబరులో విద్యార్థులు ఢిల్లీలో సంస్థ కార్యాలయం ముందు రోజుల తరబడి కూర్చున్నారు. కమిటీ వేశారు. రీవాల్యుయేషన్ మాత్రం రాలేదు. సీఏ చట్టం-1949లోని 30వ సెక్షన్ కింద రెగ్యులేషన్ సవరించాలంటే కౌన్సిల్ ముసాయిదాను ముందుగా ప్రచురించి, కేంద్రం (కార్పొరేట్ వ్యవహారాల శాఖ) ఆమోదం తీసుకోవాలి. 2023లో కొత్త గడువుల కోసం ఈ పని చేయగలిగిన కౌన్సిల్, కార్పొరేట్ వ్యవహారాల శాఖ 39(4) ముసాయిదాతో మరోసారి అదే పని చేయడానికి అడ్డేమిటో విద్యార్థులకు చెప్పాలి.