వెయిటింగ్ టైమ్ కొలవడానికి ఫాస్టాగ్, గూగుల్ మ్యాప్స్ చాలా?

అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో తిరుగుతున్న ఒక ఫార్వర్డ్ సారాంశం ఇది: "అమెరికా, కెనడా సరిహద్దులో కార్లు ఎంతసేపు ఆగుతున్నాయో కొలవడానికి బ్లూటూత్, ఆర్‌ఎఫ్‌ఐడీ అంటూ ఏళ్ల తరబడి పరీక్షలు పెట్టారు. అంతా డబ్బు దండగ. ఫాస్టాగ్ లాంటిది ఉంటే చాలు. లేదా గూగుల్ మ్యాప్స్ చూసుకోవాలి. అదీ కాకపోతే లైన్ పొడవు చూస్తే తెలిసిపోతుంది. పైగా ఆ బ్లూటూత్ పెట్టెలు మన ఫోన్లు హ్యాక్ చేస్తాయి. అయినా రేపు గేట్లే ఉండవు." సియాటిల్‌లో పిల్లలున్న హైదరాబాద్ అమ్మానాన్నలు దీన్ని తెగ పంపిస్తున్నారు. వాంకూవర్ చూసొద్దామని బయల్దేరి పీస్ ఆర్చ్ సరిహద్దు గేటు దగ్గర క్యూలో ఇరుక్కున్నవాళ్లకి కోపం రావడం సహజమే. వాదన మాత్రం నిలబడదు.

ముందు ఫాస్టాగ్ సంగతి. అద్దానికి అంటించిన, రేడియో తరంగాలతో చదివే (ఆర్‌ఎఫ్‌ఐడీ) ఆ స్టిక్కర్‌లో బ్యాటరీ ఉండదు. బూత్ దగ్గరున్న రీడర్‌కి కొద్ది మీటర్ల దూరంలోకి వచ్చాకే అది పలుకుతుంది. అంటే నమోదయ్యేది టోల్ కట్ అయిన క్షణం ఒక్కటే. వెనక లైన్‌లో మీరు ఎప్పుడు చేరారో దానికి తెలియదు. సంక్రాంతికి ఊరెళ్తూ విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్ ప్లాజాలో అరగంట నిలబడ్డా, ఆగకుండా వెళ్లిపోయినా ఫోన్‌కి వచ్చే మెసేజ్ ఒకటే. ఆగిన సమయం తెలియాలంటే చేరిన క్షణం, దాటిన క్షణం రెండూ కావాలి. అంటే వెనక ఇంకో రీడర్ పెట్టాలి. టెక్సాస్‌లో, మెక్సికో సరిహద్దున ఎల్ పాసో దగ్గరి బ్రిడ్జ్ ఆఫ్ ది అమెరికాస్ మీద లారీల ట్యాగులతో చేసింది సరిగ్గా ఇదే. మరి ఆ వెనక రీడర్ ఎక్కడ పెట్టాలి? క్యూ దాన్ని దాటి ఇంకా వెనక్కి పాకితే, అవతల నిలబడ్డ సమయం లెక్కలోకే రాదు. రద్దీ ఎంత ఎక్కువైతే యంత్రం అంత తక్కువ చెబుతుంది! ఇలాంటివి పరీక్ష పెడితేనే బయటపడతాయి.

2018-19లో టోల్ ప్లాజాల దగ్గర సగటున 8 నిమిషాలు ఆగాల్సి వచ్చేదని, ఫాస్టాగ్ వచ్చాక అది 47 సెకన్లకు తగ్గిందని కేంద్రం చెప్పింది. కాదనను. కానీ అది దేశం మొత్తం మీద సగటు. భోగి ముందు రోజు చౌటుప్పల్‌లో ఇరుక్కున్నవాడికి ఆ 47తో పనేముంది?

లైన్ పొడవు చూసి చెప్పేయొచ్చు అనేది ఉత్త కాకి లెక్క. ముందు 200 కార్లున్నాయి, ఒక్కోదానికి నిమిషం పడుతుంది అనుకోండి. 4 బూత్‌లు తెరిస్తే 50 నిమిషాలు, 8 తెరిస్తే 25. లైన్ మాత్రం అదే. సరిహద్దులో ఇంకో చిక్కు కూడా ఉంది: ఒక కారుకి రెండు ప్రశ్నలు, ఇంకోదానికి డిక్కీ సోదా. అక్కడి సిబ్బంది చాలాకాలం ఇలా కంటి అంచనాతోనో, డ్రైవర్లను అడిగో లెక్క చెబుతూ వచ్చారు. చోటుకో పద్ధతి కావడంతో సరుకు లారీల వెయిటింగ్ లెక్కలు నమ్మదగినవి కావని 2013లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ తేల్చింది. యంత్రాల కోసం వెతుకులాట ఊరికే రాలేదు.

గూగుల్ మ్యాప్స్ మీద నాకు గౌరవమే, పంజాగుట్టలో రోజూ దాన్నే నమ్ముకుంటాను. కానీ సరిహద్దులో ముందే తనిఖీ పూర్తయిన నెక్సస్ వాళ్ల లైన్, మామూలు కార్ల లైన్ పక్కపక్కనే ఉంటాయి. ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ అయితే ఏ కారు ఏ లైన్‌లో ఉందో చెప్పలేదు. 5 నిమిషాల లైన్‌నీ గంట లైన్‌నీ కలిపి సగటు తీస్తే ఆ అంకె ఎవరికీ పనికిరాదు.

ఇదే లోపం బ్లూటూత్‌కీ ఉంది, ఇంకొన్ని కూడా ఉన్నాయి. రెండు చోట్ల పెట్టెలు పెట్టి, ఒకే ఫోన్ లేదా కార్ సిస్టమ్ చిరునామా (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు సంఖ్య) రెండింటికీ దొరికితే మధ్యలో ఎంతసేపు పట్టిందో లెక్కిస్తారు. డ్యూటీ ఫ్రీ షాపులో ఆగినవాడు క్యూలో ఉన్నట్టే కనిపిస్తాడు. బస్సొకటి వస్తే యాభై ఫోన్లు ఒక్కసారే, యాభై కార్లన్నట్టు. అన్నిటికన్నా పెద్ద చిక్కు, కారు దాటాకే లెక్క తేలుతుంది. కాబట్టి తెర మీది అంకె గంట క్రితం చేరినవాడిది, ఇప్పుడు చేరబోతున్న మీది కాదు. రోడ్డులో పాతిన లూప్ తీగలు వచ్చిన బండ్లనీ పోయిన బండ్లనీ లెక్కపెడతాయి, అవి ఒకటీ అరా తప్పితే ఆ తప్పు పోగుపడుతూ పోతుంది. ఏది ఎక్కడ ఎంత తప్పుతుందో తెలియాలంటే మనుషులు నిలబడి నంబర్ ప్లేట్లు, టైమ్ రాసుకుని పోల్చాల్సిందే. ఫార్వర్డ్ దండగ అంటున్నది ఈ పనినే.

హ్యాకింగ్ మాట అబద్ధం. ఆ పెట్టె పట్టుకునేది పరికరం చిరునామా మాత్రమే. మీ ఫొటోలు, మెసేజ్‌లు కాదు. అయితే ఆ చిరునామా కూడా ఒక గుర్తే కాబట్టి, దాన్ని మార్చి దాస్తున్నారా, ఎన్నాళ్లకు చెరిపేస్తున్నారు అని అడగడంలో తప్పు లేదు.

ఇక గేట్లు. టోల్‌కి నిజంగానే పోవచ్చు. ఆగకుండా డబ్బు కట్ అయ్యే పద్ధతికి గుజరాత్‌లోని చోర్యాసీలో 2025లో ఒప్పందం కుదిరింది. సరిహద్దు గేటు దగ్గర అడిగేది డబ్బు కాదు. పాస్‌పోర్ట్ చూసి, ఎక్కడికి వెళ్తున్నారని అడిగే అధికారి బూత్‌లో ఉన్నంతకాలం వెనక లైన్ ఉంటుంది.