డోటన్‌బోరిలో పౌరసత్వం ఎవరిది?

జపాన్‌లోని ఒసాకా నగరం నడిబొడ్డున ఉన్న డోటన్‌బోరిలో ఒక సాయంత్రం తిరిగి వచ్చినవారు ఎవరైనా సరే, అది తిండికీ కొనుగోళ్లకూ పెట్టింది పేరని చెబుతారు. ఈ అభిప్రాయాన్ని సవరించవలసిన అవసరం ఉన్నది. నా పరిశీలనలో ఆ పేటకు అసలు పౌరులు సైన్‌బోర్డులే. మనుషులు వాటికి సందడి కల్పించేందుకు చీకటి పడేవేళకు రైళ్లలో వచ్చి, చివరి రైలుకు వెళ్లిపోయే కూలీలు మాత్రమే. అందులోనూ కూలి ఎదురు చెల్లించి పనిచేసే అరుదైన కూలీలు.

ఈ వాదనకు చరిత్రే మొదటి సాక్షి. 1612లో డోటన్ అనే పెద్దమనిషి ఇక్కడ కాలువ తవ్వించడం మొదలుపెట్టి, అది పూర్తికాకముందే ఒసాకా కోట యుద్ధంలో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. 1615లో మిగిలినవారు పని ముగించగా కాలువకు ఆయన పేరు దక్కింది. ఊరికి ఇంత ఉపకారం చేసిన మనిషిని తలచుకుంటూ ఆ కాలువ మీది ఎబిసు వంతెన మీద ఆగినవారు నాకు ఒక్కరూ కనబడలేదు. ఆగినవారందరూ ఎదురుగా వెలుగుతున్న గ్లికో మిఠాయి కంపెనీ బోర్డులోని పరుగువీరుడికి వీపు చూపి, ఒక కాలు మడిచి, రెండు చేతులూ ఆకాశానికి ఎత్తి ఫొటోలు దిగుతున్నారు. దేవుడి ముందు చేతులు జోడించడం తెలిసిన మనకు, దేవుడి భంగిమనే అనుకరించే ఈ ఆరాధన కొంత కొత్తగా తోచవచ్చు.

ఆ పరుగువీరుడి సేవా చరిత్ర సామాన్యమైనది కాదు. ఆయన 1935లో కొలువులో చేరాడు. యుద్ధకాలంలో ఇనుము కావలసివచ్చి విప్పి తీసుకుపోయారు గనుక దేశసేవ కూడా చేసినట్టే లెక్క. ఇప్పుడు మనం చూసేది 2014లో ఎల్‌ఈడీ దీపాలతో అవతరించిన ఆరవ రూపం. ఒక్క క్యారమెల్ బిళ్ల తింటే మూడు వందల మీటర్లు పరుగెత్తవచ్చునని ఆ కంపెనీ పాత ప్రకటన చెబుతుంది; ఈయన మాత్రం ఇన్ని దశాబ్దాలుగా గమ్యం చేరిన భంగిమలోనే ఉన్నచోటు కదలకుండా పరుగెత్తుతున్నాడు. వంతెన మీది జనంలో ఆ బిళ్ల కొనేవారు ఎందరన్న ప్రశ్న అపచారం కిందికి వస్తుంది కాబట్టి నేను అడగలేదు.

కొంచెం ముందుకు నడిస్తే కళ్లూ కాళ్లూ ఆడిస్తూ ఒక మహా పీత గోడను పట్టుకుని ఉంటుంది. ఇది 1960ల ఆరంభం నుంచీ లోపల తన బంధువులను వండి వడ్డిస్తున్న భోజనశాలకు గుమాస్తాగా పనిచేస్తున్నది. అంతకంటే నిబద్ధత గలవాడు చారల దుస్తులు వేసుకుని డోలు వాయించే తారో అనే బొమ్మ. 1950లో తనను నియమించుకున్న హోటల్ 2008లో మూతపడింది. వీడ్కోలు చెప్పడానికి జనం విరగబడి వచ్చారు, కానీ వచ్చింది హోటల్ వంట కోసం కాదు, బొమ్మ కోసం. తరువాతి ఏడాది అతడు తిరిగి అదే వీధిలో దగ్గరలోని మరో భవనం ముందుకు వచ్చి డోలు అందుకున్నాడు. యజమాని లేని ఉద్యోగం, వంట లేని ప్రకటన అన్నమాట. ప్రకటన దాని పరమార్థాన్ని చేరుకున్నదని శాస్త్రకారులు చెప్పదగిన స్థితి ఇది.

పౌరులకు హక్కులతోపాటు శిక్షలూ ఉండాలి కదా, అవీ ఉన్నాయి. కిన్‌ర్యూ రామెన్ అనే నూడుల్స్ వారి దుకాణాల్లో ఒకదాని గోడమీద పచ్చని డ్రాగన్ తోక పక్కవారి స్థలంలోకి చొచ్చుకుపోయిందని వ్యాజ్యం నడిచి సుప్రీంకోర్టు దాకా వెళ్లగా, 2024లో ఆ తోక నరికివేశారు. దుకాణంవారు అప్పీలుకు ఇక పైకోర్టు లేనందున డ్రాగన్ కంటికింద ఒక పెద్ద కన్నీటిబొట్టు అమర్చారు. ఆక్రమణ తొలగింపు అనే కార్యక్రమాన్ని పత్రికల్లో ఎన్నోసార్లు చదివాను గాని, తొలగింపుకు గురైన కట్టడం చట్టానికి లోబడుతూనే బహిరంగంగా ఏడవడం మరెక్కడా వినలేదు.

బోర్డులకు పగ కూడా ఉంటుంది. 1985లో హాన్షిన్ టైగర్స్ బేస్‌బాల్ జట్టు గెలిచిన సంబరంలో అభిమానులు ఒక్కొక్క ఆటగాడి పేరు పిలిచి, ఆ పోలికలున్నవాణ్ణి కాలువలోకి దూకించారట. రాండీ బాస్ అనే అమెరికా ఆటగాడి పోలిక ఎవరికీ లేకపోవడంతో, దగ్గరలోని కేఎఫ్‌సీ దుకాణం ముందున్న గడ్డం తాత విగ్రహాన్ని ఎత్తి నీళ్లలోకి విసిరారు. జట్టు మళ్లీ దేశ విజేతను తేల్చే జపాన్ సిరీస్ గెలవడానికి 2023 వరకు ఆగవలసి వచ్చింది. ఈ నడుమ 2009లో విగ్రహాన్ని బురదలోంచి వెలికి తీసి శుభ్రం చేసినా శాంతి వెంటనే జరగలేదు. కోచ్‌లను మార్చి చూసినవారికి గడ్డం తాతను మొదటే ప్రసన్నం చేసుకోవాలని తోచకపోవడం నిర్వహణ లోపమే.

ఇక మనుషుల సంగతి. గుంతపొంగనాల పెనం వంటి పెనంలో ఆక్టోపస్ ముక్క పెట్టి తిప్పే టాకోయాకిని కొని నిలబడి తింటే 8 శాతం పన్ను. అదే దుకాణంవారి బల్ల మీద కూర్చుని తింటే 10 శాతం. 2019 అక్టోబరు నుంచి జపాన్ ప్రభుత్వం ఈ విధంగా కాళ్లనొప్పికి ధర కట్టింది. మద్యశాలలో కూర్చుంటే అడగని చిరుతిండి గిన్నె ఒకటి ముందుకు వస్తుంది, దానికి బిల్లూ వస్తుంది. పుల్లలకు గుచ్చి వేయించే కుషికాట్సును అందరికీ ఉమ్మడిగా ఉన్న సాస్ గిన్నెలో ఒక్కసారే ముంచాలి, కొరికాక మళ్లీ ముంచరాదు. ఎంగిలి పట్టింపు మన అమ్మమ్మలతోనే పోయిందని విచారించేవారు ఈ ఒక్క విషయంలో ఊరట పొందవచ్చు. ఆ పట్టింపునూ కరోనా తరువాత చాలా దుకాణాలు సాస్ సీసాలతో అటకెక్కించాయి.

శాకాహారులైన తెలుగు యాత్రికుల స్థితి మరీ సున్నితమైనది. కూరగాయల నూడుల్స్ అని తెచ్చిన గిన్నెలోనూ అడుగున ఎండు చేపతో కాచిన దాషి రసమే ఉంటుంది. వారు ఆ సాయంత్రమంతా బోర్డులను మాత్రమే ఆరగించి తిరిగి వస్తారు. నా సిద్ధాంతం ప్రకారం డోటన్‌బోరిని సరిగా అర్థం చేసుకున్నది వారొక్కరే.

ఒసాకా నగరపాలకులకు నాదొక విన్నపం. తోక పోయిన డ్రాగన్‌కు దక్కిన సదుపాయాన్ని మనుషులకూ విస్తరించి, కూర్చున్నందుకు 10 శాతం కట్టిన ప్రతి ఒక్కరి చెంపకూ రసీదుతోపాటు ఒక కన్నీటిబొట్టును ఉచితంగా అతికించే ఏర్పాటు చేయాలి. నిలబడి తిన్నవారు అర్హులు కారు.